కుళాయికీ గొంతుకీ మధ్య, పొయ్యికీ కంచానికీ మధ్య

పొద్దున్నే టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీ ప్లేటు చేతికొస్తుంది. ఆవిరి మీద ఉడికి అప్పుడే దించిన ఇడ్లీలో రోగక్రిములు బతికి ఉండే అవకాశం దాదాపు లేదు. పొయ్యి మీద మరుగుతున్న సాంబారుతోనూ భయం లేదు. పక్కనున్న పల్లీ చట్నీ సంగతి వేరు. వేయించిన పల్లీలు, పచ్చిమిర్చి రుబ్బాక అందులో పోసేవి పచ్చినీళ్లు. జనం పెరిగి చట్నీ తగ్గితే ఇంకో చెంబుడు నీళ్లు. ఆ తర్వాత దాన్ని ఎవరూ పొయ్యి మీద పెట్టరు. పైన వేసే గరిటెడు తాలింపు గిన్నెడు చట్నీని మరిగించలేదు. అంటే తిన్నవాళ్ల ఆరోగ్యం ఇడ్లీ మీద కాక, ఆ చట్నీలో కలిసిన నీళ్ల మీద ఆధారపడి ఉంది. పానీపూరీ నీళ్లకీ, చెరుకు రసంలో వేసే ఐసు ముక్కలకీ ఇదే లెక్క.

ప్రభుత్వంలో తాగునీరు ఒక శాఖది, తిండి మరో శాఖది, జబ్బు ఇంకో శాఖది. ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలైతే తప్పు నీళ్లదా, తిండిదా అన్న వాదనలోనే చాలాసార్లు విలువైన రోజులు పోతాయి. నిజానికి రెంటిలోనూ చూడాల్సిన చోటు ఒకటే. నీరు మొదట్లోనే చెడ్డదయ్యే సందర్భాలు, వంట సరుకే పాడైన సందర్భాలు లేకపోలేదు. కానీ మన ఊళ్లలో పెద్ద ప్రమాదం మధ్యలో ఉంది. శుద్ధి చేసిన నీరు గొంతు దాకా వచ్చే దారిలో ఉంది. వండిన అన్నం కంచంలో పడేదాకా గడిచే గంటల్లో ఉంది. ఫిల్టర్ బెడ్లకూ, ఇంట్లో పెట్టుకునే మిషన్లకూ డబ్బు పెడుతున్నాం. మధ్యభాగాన్ని వదిలేస్తున్నాం.

కలరా, టైఫాయిడ్, షిగెల్లా వల్ల వచ్చే రక్తవిరేచనాలు, హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల పచ్చకామెర్లు, పసిపిల్లలను పీడించే రోటావైరస్, అమీబా, జియార్డియా. పేర్లు వేరైనా వీటన్నిటి ప్రయాణం ఒకటే. ఒకరి మలంలోంచి బయల్దేరి మరొకరి నోట్లోకి చేరతాయి. ఎన్ని క్రిములు లోపలికి వెళ్తే జబ్బు వస్తుందన్న దాంట్లో మాత్రం చాలా తేడా ఉంది. షిగెల్లా అయితే పది నుంచి వంద చాలు. కలరా క్రిమికి కోట్లలో కావాలి, ఎందుకంటే మన జీర్ణాశయంలోని ఆమ్లం దాన్ని చంపేస్తుంది. గ్యాస్ ట్రబుల్ అని రోజూ ఆమ్లం తగ్గించే మాత్రలు వేసుకునేవాళ్లకు ఈ రక్షణ కొంత తగ్గుతుంది. ఈ విషయం మందుల షాపులో ఎవరూ చెప్పరు.

ఖాళీ పైపు పీల్చుకునేది

రోజుకో గంట, లేదా రెండు రోజులకోసారి నీళ్లొచ్చే ఊళ్లలో పైపు మిగతా సమయమంతా ఖాళీగా ఉంటుంది. నీరు ఒత్తిడితో పారుతున్నంతసేపు, పైపుకు చిల్లు ఉన్నా దాంట్లోంచి నీరు బయటికి కారుతుంది. బయటి మురుగు లోపలికి రాలేదు. సరఫరా ఆపగానే ఒత్తిడి పోతుంది. అప్పుడు అదే చిల్లులోంచి చుట్టూ ఉన్న తడి మట్టిలోని మురుగు లోపలికి దిగుతుంది. మన వీధుల్లో తాగునీటి పైపూ డ్రైనేజీ లైనూ పక్కపక్కనే ఉంటాయి. చాలాచోట్ల ఇంటి కనెక్షన్ పైపు సరాసరి మురుగుకాల్వలోంచే వెళ్తుంది. ఇక కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే లైనులో నీళ్లు లేకున్నా అది పీలుస్తూనే ఉంటుంది. ఆ పీల్పుకు పక్కింటి ముందున్న లీకేజీలోంచి కూడా మురుగు లాగేసుకోవచ్చు. ఒక ఇంటి మోటారు వీధి మొత్తానికి జబ్బు తెచ్చే దారి ఇది.

అందుకే చాలా రోజుల తర్వాత నీళ్లు వదిలినప్పుడు మొదట వచ్చే నీళ్లు అన్నిటికంటే ప్రమాదకరం. కర్ణాటకలోని హుబ్బళ్లి-ధార్వాడలో 24 గంటలూ నీళ్లొచ్చే వార్డులనూ, రోజుల తేడాతో వచ్చే వార్డులనూ పరిశోధకులు పోల్చి చూశారు. శుద్ధి కేంద్రాలు అవే అయినా, ఆగి ఆగి వచ్చే కుళాయిల్లో మల కాలుష్యం చాలా ఎక్కువగా కనిపించింది. సరఫరా మొదలైన తొలి నిమిషాల్లో మరీ ఎక్కువ. నీటికొరత ఉన్న ఇంట్లో ఆ మొదటి బిందెను పారబోయమంటే ప్రాణం ఒప్పదు. కనీసం ఆ బిందెను గిన్నెలు కడగడానికి కాకుండా మొక్కలకో, బాత్రూముకో వాడితే మేలు.

హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లో 2009 మే నెలలో జరిగింది ఇదే. మురుగు కలిసిన కుళాయి నీళ్లు తాగి వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు చనిపోయారు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. అలాంటి ప్రతిసారీ వైద్య శిబిరం వస్తుంది, ట్యాంకర్లు వస్తాయి, వీధుల వెంట బ్లీచింగ్ చల్లుతారు. కాల్వ గట్టున చల్లిన బ్లీచింగ్ పైపులోని క్రిమిని తాకదు. అది కలవాల్సింది ట్యాంకులో, బావిలో. వెయ్యి లీటర్ల తేటనీటికి మంచి బ్లీచింగ్ పౌడర్ సుమారు రెండున్నర గ్రాములు, కనీసం అరగంట సమయం కావాలి. మంచిది అనడానికి కారణం ఉంది. కొత్త పౌడర్‌లో పనిచేసే క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది. మూటవిప్పి తేమలో వదిలేస్తే అది వారాల్లోనే తగ్గిపోతుంది. పంచాయతీ గదిలో నెలల తరబడి మూతి విప్పి ఉన్న బస్తాలోంచి అదే కొలత వేసి లాభం లేదు.

ఢిల్లీ 1955: క్లోరిన్ వేసినా

నీటి చరిత్రలో మన దేశం ప్రపంచానికి నేర్పిన ఒక పాఠం ఢిల్లీలో జరిగింది. 1955లో వరదల తర్వాత యమున పాయ మారింది. నగర మురుగును మోసుకొచ్చే నజఫ్‌గఢ్ కాల్వ నీరు వెనక్కి ఎగదన్ని, వజీరాబాద్ నీటి కేంద్రం దగ్గరికి చేరింది. నవంబరులో కొద్ది రోజులపాటు నగరం తాగే నీటిలోకి మురుగు వచ్చింది. కేంద్రంలోని సిబ్బంది నిర్లక్ష్యం చేయలేదు. తేడా గమనించి పటిక, క్లోరిన్ మోతాదులు పెంచారు. దాని ఫలితం కూడా కనిపించింది. నగరంలో టైఫాయిడ్, విరేచనాల కేసులు పెరగలేదు. అందరూ గండం గడిచిందనుకునే సమయానికి, డిసెంబరు, జనవరి నెలల్లో పచ్చకామెర్లు విరుచుకుపడ్డాయి. కళ్లు పచ్చబడ్డవారే 29 వేల పైచిలుకు. గర్భిణుల్లో మరణాలు ఎక్కువగా నమోదయ్యాయి.

ఆ వైరస్ ఏమిటో అప్పుడు ఎవరికీ తెలియదు. ఆనాడు దాచిన రక్తనమూనాలను పాతికేళ్ల తర్వాత పరీక్షిస్తే అది హెపటైటిస్ ఎ కాదని తేలింది. 1983లో మిఖాయిల్ బలాయన్ అనే రష్యన్ శాస్త్రవేత్త, రోగుల మలం నుంచి తీసిన ద్రావణాన్ని తానే తాగి, జబ్బుపడి, తన మలంలోనే కొత్త వైరస్‌ను చూపించాడు. దాన్నే ఇప్పుడు హెపటైటిస్ ఇ అంటున్నారు. గర్భం చివరి మూడు నెలల్లో ఇది సోకితే నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో గర్భిణి ఉంటే వానాకాలంలో నీళ్లు కాచడం చాదస్తం కాదు.

ఢిల్లీ అనుభవంలో గమనించాల్సింది ఒకటుంది. బ్యాక్టీరియాను చంపడానికి సరిపోయిన క్లోరిన్ వైరస్‌ను ఆపలేకపోయింది. బురద, మురుగు ఎక్కువగా ఉన్న నీటిలో క్లోరిన్ ముందు వాటితోనే ఖర్చయిపోతుంది. క్రిముల దాకా వచ్చేది మిగిలిందే. అందుకే మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం, కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. వైరస్‌ల భయం ఉన్నచోట 0.5 ఉండాలి. క్లోరిన్‌కూ లొంగనివి కొన్నున్నాయి. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి శుద్ధి కేంద్రాన్ని దాటుకుని వచ్చి సుమారు 4 లక్షలమందిని జబ్బుపరిచింది. దాన్ని ఆపేది వడపోత, మరిగించడం.

మీటరు చెప్పనిది

మన పల్లెల్లో బురదనీటిని తేర్చడానికి కుండ లోపల చిల్లగింజ అరగదీసేవారు. నీళ్లు అద్దంలా తేరేవి. పటిక కూడా అంతే. తేరడం మంచిదే, బురదతోపాటు కొన్ని క్రిములు అడుక్కి దిగుతాయి, క్లోరిన్ కూడా బాగా పనిచేస్తుంది. కానీ తేటగా ఉన్న నీళ్లూ సురక్షితమైన నీళ్లూ ఒకటి కావు. ఒక చుక్క మురుగులో ఉండే లక్షల క్రిములు బిందెడు నీళ్ల రంగును ఏమాత్రం మార్చవు.

ఈ పాత పొరపాటే ఇప్పుడు టీడీఎస్ మీటరు రూపంలో వచ్చింది. మిషన్ అమ్మడానికి వచ్చిన వ్యక్తి కుళాయి నీళ్లలో మీటరు ముంచి 600 అనీ, తన మిషన్ నీళ్లలో ముంచి 40 అనీ చూపిస్తాడు. ఆ అంకె చెప్పేది నీళ్లలో కరిగిన లవణాల మొత్తం. అది ఉప్పదనం సంగతి. కలరా క్రిములు కోటి ఉన్నా ఆ మీటరులో కనీసం ఒక్క అంకె కదలదు. ఫ్లోరైడ్‌తో నలిగిన నల్లగొండ లాంటి చోట్ల, నీటిని సన్నటి పొర గుండా వడగట్టే ఆర్‌వో ప్లాంట్ల వల్ల నిజంగా మేలు జరిగింది, దాన్ని కాదనలేం. ఫ్లోరైడ్ ఒక రసాయన సమస్య. ఆ పరిష్కారాన్నే క్రిములకూ సరిపోతుందనుకోవడంతో చిక్కు మొదలైంది.

ఆర్‌వో పొర బాగున్నంతవరకు క్రిములను ఆపుతుంది. కానీ బయటికొచ్చే నీటిలో క్లోరిన్ ఉండదు. అంటే ఆ నీటికి సొంత కాపలా లేదు. ఆ తర్వాత అది 20 లీటర్ల క్యాన్‌లోకి వెళ్తుంది. క్యాన్ ఎన్ని ఇళ్లు తిరిగి వచ్చిందో, లోపల ఎలా కడిగారో, ఎండలో ఎంతసేపు ఉందో తెలియదు. ఇంటికొచ్చాక దాన్ని బోర్లించే కూజా కుళాయిని చివరిసారి ఎప్పుడు తోమారో ఇంట్లోవాళ్లకే గుర్తుండదు. 2024లో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్యాకేజ్డ్ తాగునీటిని ఎక్కువ ప్రమాదం ఉన్న ఆహారాల జాబితాలో చేర్చింది. అది సరైన నిర్ణయం. అయితే వీధి చివర క్యాన్లు నింపే చిన్న ప్లాంట్ల దాకా తనిఖీ చేరితేనే దానికి అర్థం.

క్రిముల సంగతి చెప్పే పరీక్షలు వేరే. ప్రయోగశాలలో చూసేది ఇ-కొలి. చాలా రకాల ఇ-కొలి హాని చేయనివే, మన పేగుల్లో ఎప్పుడూ ఉండేవే. అందుకే అవి నీళ్లలో కనిపిస్తే మలం కలిసిందనడానికి గుర్తు. 100 మిల్లీలీటర్ల తాగునీటిలో అవి ఒక్కటీ ఉండకూడదు. పల్లెల్లో అయితే చిన్న సీసా పరీక్ష ఉంది. సీసాలో నీళ్లు నింపి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచితే, కాలుష్యం ఉన్న నీళ్లు నల్లబడతాయి. పల్లెల్లో ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలు నేర్పాలన్నది నియమం. ఆ ఐదుగురి చేతికి కిట్లు క్రమం తప్పకుండా అందితే, జబ్బు రాకముందే ఊరికి సంగతి తెలుస్తుంది.

ఇంట్లో ఇక మిగిలేది బిందె. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం మరిగిస్తే బ్యాక్టీరియా, వైరస్‌లు, పరాన్నజీవులు చస్తాయి. తీరా ఆ నీళ్లలో గ్లాసుతోపాటు వేళ్లు కూడా ముంచితే కాచిన శ్రమంతా పోయినట్టే. పొడుగు కాడ ఉన్న ముంత, లేదా కుళాయి ఉన్న డ్రమ్ము చేసే మేలు చాలా ఖరీదైన మిషన్లు చేయవు.

వండాక గడిచే గంటలు

బియ్యం నేలలో పండుతుంది కాబట్టి, దానిమీద బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండటం మామూలే. అన్నం ఉడికే వేడికి బ్యాక్టీరియా చచ్చినా ఈ బీజాలు చావవు. అన్నం చల్లారి గోరువెచ్చగా ఉన్నప్పుడు మొలకెత్తుతాయి. అనుకూలమైన వేడిలో కొన్ని రకాల బ్యాక్టీరియా 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. అలా 7 గంటలు సాగితే ఒక్కటి 20 లక్షలు దాటుతుంది. పెద్ద గుండిగలో అన్నం ఉంటే పైన చల్లారినట్టు కనిపించినా, మధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. హాస్టళ్లలో, పెళ్లిళ్లలో చిక్కంతా ఇక్కడే. తెల్లవారుజామున 4 గంటలకు వండిన అన్నం, కూర మధ్యాహ్నం ఒంటిగంటకు వడ్డిస్తారు. వంటవాళ్లు ఎంత శుభ్రంగా వండినా ఆ తొమ్మిది గంటలు క్రిములవే. వంటగదిలో పాత్రల సైజు తగ్గించి రెండు విడతలుగా వండించడం, వేడివి 60 డిగ్రీల పైన, చల్లవి 5 డిగ్రీల లోపు ఉంచడం అనే ఏర్పాట్లు, ఘటన జరిగాక వంటమనిషిని తీసేయడం కంటే ఎక్కువ పనిచేస్తాయి.

మళ్లీ వేడిచేస్తే సరిపోతుందని చాలామంది నమ్మకం. ఇక్కడే మోసపోతాం. బాసిల్లస్ సీరియస్‌లో కొన్ని రకాలు అన్నంలో విషం వదులుతాయి. వంటచేసే చేతి మీది పుండులోంచి, ముక్కులోంచి వచ్చే స్టఫిలోకాకస్ కూడా అంతే. వేడికి క్రిమి చస్తుంది, అది వదిలిన విషం మరిగినా పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లోపే వాంతులు మొదలయ్యాయంటే అనుమానించాల్సింది ఇలాంటి విషాలనే.

ఈ విషయంలో మన వంటింట్లో ఎప్పటినుంచో ఉన్న తెలివిని గుర్తుచేసుకోవాలి. దూరప్రయాణానికి కట్టించేది పులిహోర, ఉత్త అన్నం కాదు. చింతపండు పులుపు, ఉప్పు, నూనె క్రిములు పెరగడానికి అడ్డుపడతాయి. మజ్జిగ కలిపి పులియబెట్టిన చద్దన్నంలో పుట్టే ఆమ్లం కూడా ఆ పనే చేస్తుంది. రాత్రి మిగిలి, ఏ పులుపూ లేకుండా గిన్నెలో వదిలేసిన అన్నాన్ని దానితో కలిపి చూడకూడదు. పొద్దున్న దాన్నే ఫ్రైడ్ రైస్ చేసుకునే అలవాటు ఇప్పుడు బాగా పెరిగింది. మిగిలిన అన్నాన్ని పళ్లెంలో పలుచగా ఆరబోసి, గంట రెండు గంటల్లో ఫ్రిజ్‌లో పెడితే ఆ బెడద చాలావరకు పోతుంది.

పచ్చిగుడ్డు మయోనైజ్ మీద తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాది నిషేధం పెట్టింది. మండీలు, మోమోలు, షవర్మా దుకాణాల్లో గిన్నెలకొద్దీ కనిపించే ఈ తెల్లటి ముద్దలో పచ్చిగుడ్డు, నూనె ఉంటాయి. గుడ్డులో సాల్మొనెల్లా ఉంటే, బయట వేడిలో గంటలపాటు ఉన్న గిన్నెలో అది పెరుగుతూ పోతుంది. వండేదశ లేదు కాబట్టి దాన్ని ఆపేది ఏదీ లేదు.

చివరగా తిన్నదాని మీద నింద

జబ్బు రాగానే అందరూ గుర్తుచేసుకునేది నిన్న రాత్రి భోజనం. స్టఫిలోకాకస్ విషం విషయంలో అది నిజం కావచ్చు. సాల్మొనెల్లాకు సాధారణంగా అరరోజు నుంచి మూడు రోజులు పడుతుంది. కలరాకు కొన్ని గంటల నుంచి ఐదు రోజులు. టైఫాయిడ్‌కు ఒకటి నుంచి మూడు వారాలు. హెపటైటిస్ ఎ అయితే సగటున నాలుగు వారాలు. ఈరోజు కళ్లు పచ్చబడ్డ పిల్లాడు ఆ క్రిమిని మింగింది పోయిన నెలలో. అప్పటి పెళ్లి, అప్పటి ప్రయాణం, అప్పుడు వీధిలో తవ్విన పైపు ఎవరికీ గుర్తుండవు. ఒకే వీధిలో మూడు కామెర్ల కేసులు వస్తే ఆశా కార్యకర్తకు చెప్పడం అందుకే ముఖ్యం. ఎవరి ఇంట్లో వాళ్లు పసరు మందుకు వెళ్లిపోతే ఆ మూడింటినీ కలిపి చూసేవాళ్లే ఉండరు.

విరేచనాలు మొదలైనవాళ్లను చంపేది చాలావరకు క్రిమి కాదు, ఒంట్లో నీరు, లవణాలు పోవడం. కలరా క్రిమి వదిలే విషమే పేగుల్లోంచి నీటిని తోడేస్తుందని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే కుందేళ్ల మీద పరిశోధన చేసి నిరూపించారు. పేగుల్లో చక్కెర, ఉప్పు కలిసి లోపలికి వెళ్లే దారి మాత్రం కలరాలోనూ తెరిచే ఉంటుంది. ఓఆర్‌ఎస్ పనిచేసేది ఆ దారినే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఈ ద్రావణం కలిపించి రోగుల బంధువుల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఇవాళ ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ధర పెద్దదేం కాదు. లీటరు నీటికి ఒక ప్యాకెట్, అంతకు చిక్కగానూ పలుచగానూ వద్దు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి. తీపి పానీయాల డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మడాన్ని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆపించింది. దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల పోరాటం ఉంది. పిల్లలకు దీంతోపాటు జింక్ మాత్రలు రెండు వారాలు ఇవ్వాలి. పసిబిడ్డకు తల్లిపాలు ఆపకూడదు. నాలుక ఎండి, కళ్లు లోపలికి పోయి, మూత్రం ఆగి, బిడ్డ మగతగా ఉంటే ఇంట్లో చూస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మళ్లీ కుళాయి దగ్గరికి వస్తే, ఏ పంచాయతీ అయినా, ఏ వార్డు అయినా రోజూ చేయగల పరీక్ష ఒకటుంది. క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టెలో కుళాయి నీళ్లు పోసి, మందు చుక్కలు వేస్తారు. క్లోరిన్ మిగిలి ఉంటే నీళ్లు పసుపురంగుకు తిరుగుతాయి. ఈ పరీక్ష ట్యాంకు కింద చేసి రిజిస్టర్‌లో రాస్తే అక్కడ రంగు బాగానే వస్తుంది. చేయాల్సింది లైను చివరన ఉన్న ఇంటి కుళాయి దగ్గర, నీళ్లు వదిలిన కాసేపటికి. అక్కడ నీళ్లు రంగు మారకపోతే, ట్యాంకుకూ ఆ ఇంటికీ మధ్య ఎక్కడో క్లోరిన్ ఖర్చయిపోయింది. తవ్వి చూడాల్సింది ఆ మధ్యనే, వీధిలో ఎవరికీ వాంతులు మొదలవకముందే.